బావ నింపిన తూటాలు

మొన్న ఆదివారం మా మనవరాలు డైనింగ్ టేబుల్ మీద గుడ్డ పరిచి, ఎయిర్ రైఫిల్లో వేసే సీసపు గుళ్ళను ఒక్కొక్కటిగా చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి తూస్తూ, ఒకే బరువున్నవాటిని ఒక డబ్బీలోకి, మిగతావాటిని ఇంకో డబ్బీలోకి వేరు చేస్తుంటే, నేను చిక్కుడుకాయలు తుంచడం ఆపేసి అట్లాగే చూస్తూ కూర్చున్నాను. గచ్చిబౌలిలో ఒక రేంజికి పోయి నేర్చుకుంటోంది పిల్ల. ఏ రకం గుళ్ళు తన రైఫిలుకు నప్పుతాయో కాల్చి కాల్చి చూసుకోవాలట. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని ముసిముసిగా నవ్వుతున్నాడు. ఎందుకు నవ్వుతున్నాడో మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఆయన మా మేనత్త కొడుకు, పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాకు బావే. తూటాలో మందెంత పోయాలి, గుండు ఎంత బరువుది పెట్టాలి అన్న దాని మీదే మా పెళ్ళి కుదిరిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. మీరు నా ఈడువాళ్ళయితే నమ్ముతారు, అందుకే మీకు చెప్తున్నాను.

నేనిప్పుడుంటున్న నల్లగండ్ల అపార్టుమెంటు బాల్కనీలో నిలబడితే మా పుట్టింటివాళ్ళ భూములు కనిపించేవి, మధ్యలో అద్దాల మేడలు లేవకపోయి ఉంటే. జొన్నచేను, దాన్నానుకుని పల్లిచేను, వెనక రాతిగుట్టలు. పొద్దు గుంకుతూనే ఆ గుట్టల్లోంచి అడవిపందులు గుంపుగా దిగి, పల్లిచేనును ముట్టెలతో తవ్విపోసేవి. తిన్నదానికంటే పాడుచేసేదే ఎక్కువ. వాటిని తోలడానికి మా నాయిన దగ్గర ఒక పాత విలాయతీ రైఫిల్ ఉండేది. మా తాత ఎవరో జాగీర్దారు దగ్గర కొలువు చేశాడట, ఆయన సంతోషపడి ఇచ్చింది. దాని ట్రిగ్గరు కింద కడియంలాంటి లీవరు, అది కిందికి గుంజి పైకి తోస్తే కాల్చిన గుల్ల ఎగిరి బయట పడి కొత్త తూటా లోపలికెక్కేది. గొట్టం ఎంత వెడల్పంటే నా చిటికెనవేలు సులువుగా దూరేది. పేలినప్పుడల్లా వెనక్కి తన్ని భుజాన్ని గుద్దేది, మందెంత ఎక్కువైతే గుద్దు అంత ఎక్కువ. పంట కాపాడుకోవడానికని నాయిన పేరు మీద లైసెన్సు ఉండేది లెండి, దొంగతనం కాదు.

చిక్కల్లా తూటాలతోనే. ఆ పాత రకానికి సరిపోయేవి పట్నంలో దొరకడం మానేశాయి. అందుకని నాయిన కాల్చిన ఇత్తడి గుల్లలను ముత్యాల్లా దాచి, వాటినే మళ్ళీ నింపుకునేవాడు. సీసం కరిగించి గుండ్లు పోసుకునేవాడు, అవి గట్టిపడటానికి గిన్నెల కళాయికి వాడే తగరం జర కలిపేవాడు, మందును మాత్రం బంగారం పనిచేసే అవుసలాయన ఇచ్చిన చిన్న త్రాసులో గురివింద గింజలు వేసి తూచేవాడు. నాయిన వాకిట్లో చాప వేసుకుని మందు తూచే పనికి కూర్చున్నాడంటే ఇంట్లో పొయ్యి ఆర్పెయ్యాలి, బీడీ తాగే మనిషి గడప దాటి రాకూడదు. ఎసరు మధ్యలో ఆగిపోయిందని మా అమ్మ లోపలినుంచి సణుగుతూనే ఉండేది.

నాయినకు నచ్చింది బరువైన గుండు, మితంగా మందు. మెల్లగా పోయినా తగిలిందంటే పంది అక్కడే కూలాలి, దెబ్బతో బాధపడుతూ గుట్టల్లోకి పోకూడదు అనేవాడు. బావకు నచ్చింది తేలిక గుండు, నిండుగా మందు. బావ అప్పట్లో బోరబండలో ఒక గది కిరాయికి తీసుకుని ఏదో ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆదివారం వస్తే చాలు సైకిలేసుకుని దిగేవాడు. మేనమామను చూసి పోదామని వచ్చానని పైకి చెప్పేవాడు గానీ, ఎవరి కోసం వచ్చేవాడో మా ఇంటి గోడలకు కూడా తెలుసు. వచ్చినవాడు ఊరుకుంటాడా, నాయిన త్రాసు ముందు చేరి, “గింత మందుతోని గుండు యాడికి పోతది మామా, నడుమల కూసొని చాయ్ తాగుతది,” అని ఏడిపించేవాడు. “నీ తీరుగ పోస్తే పందికన్న ముందుగాల నా రైఫిల్ పలుగుతది,” అని నాయిన గుర్రుమనేవాడు.

మేనత్త మా పెళ్ళి మాట కదిపినప్పుడల్లా నాయిన వానల సంగతో, ఎరువుల సంగతో ఎత్తి దాటేసేవాడు. ఒకనాడు అమ్మతో అంటుంటే విన్నాను, పిల్లగాడు మంచోడే గానీ దూకుడు మనిషి, ఏదైనా నిండా పోసుడే తప్ప ఆగి చూసుడు లేదు అని. అప్పటికే చందానగర్ నుంచి సర్కారు కొలువున్న అబ్బాయి సంబంధం ఒకటి వచ్చి ఉంది. డిగ్రీ చదివినదాన్నే అయినా, నాకు బావ తప్ప ఇంకెవరూ వద్దని నోరు తెరిచి చెప్పే ధైర్యం లేదు, చెప్పకుండా ఊరుకునే ఓర్పూ లేదు. అందుకని గిన్నెలు దబదబా పడేసి నా మనసులో మాట అమ్మకు తెలియజేసేదాన్ని. సొట్టలు పడ్డ గిన్నెల లెక్కలో అమ్మ నన్ను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉండుంటుంది, ఎక్కడున్నా.

ఆ ఏడు పందులు మరీ పేట్రేగిపోయాయి. ఒక ఆదివారం నాయిన బావ ముందు త్రాసు, గుల్లలు, మందు డబ్బా పెట్టి, ఈసారి నువ్వే నింపు, మందెంతో గుండేదో నీ ఇష్టం, మంచె మీద కూర్చుని కాల్చేది నేను అన్నాడు. అందరికీ అర్థమైంది, ఇది తూటాలకు పెట్టిన పరీక్ష కాదని. నేను మజ్జిగ ఇచ్చే నెపంతో పోయి, నిండా పోయకు అని కళ్ళతో సైగ చేశాను. చూస్తేగా మహానుభావుడు.

విచిత్రంగా బావ ఆ రోజు డబ్బా మూతే తియ్యలేదు. నాయినతో కలిసి అన్నం తిన్నాడు, నాయిన కండువా వేసుకుంటుంటే చూశాడు, సైకిలెక్కి పోయాడు. ఆ తర్వాత వచ్చిన ఆదివారాల్లో మాత్రం, ఎండిన కుంటకట్టకు సున్నం పూసిన పాత చాట ఒకటి ఆనించి, ఒక్కో గింజ ఎత్తు మందు తగ్గించుకుంటూ కాల్చి చూసుకున్నాడు. గుండు తనకిష్టమైన తేలికదే పెట్టాడు, మందు మాత్రం నాయిన పోసేదానికంటే కూడా తక్కువ పోశాడు. ఇంత చేసి ఒకటి మరిచిపోయాడు. కుంట దగ్గర చోటు ఇరుకు, చాట ముక్కు ముందే ఉంది. మంచె నుంచి పందులు దూరే కంచె సందు దాకా దూరం చాలా ఎక్కువ.

నాలుగో ఆదివారం సాయంత్రం ఆ తూటాలు తీసుకుని నాయిన మంచెక్కాడు. మేమందరం వాకిట్లో చెవులు రిక్కించుకుని కూర్చున్నాం. ఒక్కటే చప్పుడు, అదీ ఎప్పటిలా గుట్టలు దద్దరిల్లేది కాదు. కాసేపటికి నాయిన ఉత్త చేతులతో వచ్చాడు. గుండు పందికి మూరెడు ఇవతలే నేలలో దిగిందట, మట్టి ఎగిరి ముట్టె మీద పడితే ముందున్న పంది వెనక్కి తిరిగి గుంపునంతా వెంటేసుకుని పోయిందట. బావ ముఖం మాడిపోయింది. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. చందానగర్‌లో కాపురం కళ్ళముందు కనిపించింది.

నాయిన కాళ్ళు కడుక్కుని నింపాదిగా కూర్చుని అమ్మను పిలిచాడు. “పిల్లగాడు పందిని చూసుకుంట నింపుతడనుకున్న. నన్ను చూసిండు. నా భుజానికి దెబ్బే తెల్వలే. పిల్లనిద్దాం.”

అమ్మకు పెళ్ళి మాట చెవికెక్కలేదు. భుజానికి ఏమైందని నిలదీసింది. అప్పుడు బయటపడింది, ఎండాకాలంలో బండి మీంచి పడ్డప్పటి నుంచీ నాయినకు కుడి భుజం సరిగా లేవడం లేదని, కండువా కూడా ఎడమ చేత్తోనే వేసుకుంటున్నాడని. ఒకే ఇంట్లో తిరుగుతూ నేనూ చూడలేదు, అమ్మా చూడలేదు. వారానికోసారి వచ్చిపోయే బావ ఆ ఒక్క పూటలోనే కనిపెట్టాడు. దాచినందుకు అమ్మ నాయినను ఆ పూటంతా కడిగేసింది. నా పెళ్ళి కుదిరిన సంబరం ఆ తిట్లలోనే జరిగిపోయింది. పందులంటారా, పెళ్ళిపందిరి వేసేనాటికి మళ్ళీ దిగాయి.

తర్వాత చేను పోయింది, రైఫిల్‌ను స్టేషన్‌లో అప్పజెప్పేశాం, నాయిన, అమ్మ కూడా వెళ్ళిపోయారు. ఇప్పుడు మా అపార్టుమెంటులో సంబంధాలు కుదురుతుంటే చూస్తుంటాను. ఫోన్లో ఫోటో, జీతం ఎంతో, ఫ్లాటు ఎక్కడో, కాఫీ షాపులో ఒక గంట. తప్పని నేననను, పిల్లలు తమ నోటితో తామే చెప్పుకుంటున్నారు, పాపం గిన్నెలకు సొట్టలు పడే బాధ తప్పింది. కానీ ఇంటికొచ్చినవాడి చేతిలో ఒక పని పెట్టి, నాలుగు ఆదివారాలు ఊరికే పక్కన కూర్చుని చూసే తీరిక ఏ తండ్రికుంది? పెడదామన్నా ఇంట్లో చేత్తో చేసుకునే పనేం మిగిలింది? మనం చెప్పుకోని నొప్పిని కనిపెట్టే మనిషి ఎవరో, ఇప్పటివాళ్ళకు పెళ్ళికి ముందు తెలిసే దారే లేదు కదా అని నాకు దిగులేస్తుంది.