పేరు చెప్పిన పసరు

నా చిన్నప్పటి ఈ సంగతి ఎన్నిసార్లు ఎత్తినా ఎవరూ చెవిన పెట్టలేదు. డాక్టర్లు నవ్వారు, పసరు పోసేవాళ్లు కోప్పడ్డారు. మొన్నీమధ్య జగ్గయ్యపేటలో ఒక కుర్ర డాక్టరు ఫోన్ చూసుకుంటూ, "పాతవన్నీ ఇప్పుడెందుకండీ" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోను.

మాది చిల్లకల్లు. మా తాతయ్య పచ్చకామెర్లకు పసరు పోసేవాడు. ఆదివారం పొద్దున్నే క్వారీ వైపు వెళ్లి ఆకు తెచ్చి, రోట్లో నూరి, బట్టలో పిండి, మేకపాలతో పరగడుపున తాగించేవాడు. ఆకు పేరు మాత్రం పైకి చెప్పేవాడు కాదు. చెబితే మందుకు గుణం పోతుందని ఆయన గురువు ఒట్టు వేయించుకున్నాడట.

ఒక ఎండాకాలం అక్కకూ నాకూ కళ్లు పచ్చబడ్డాయి. ఒకే రోట్లో నూరిన పసరు ఇద్దరం తాగాం. నేను తేరుకున్నాను. అక్క మగతలోకి జారిపోయింది, నన్నే గుర్తుపట్టలేదు.

తాతయ్య అక్కను భుజాన వేసుకుని, నానమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని నందిగామ బస్సెక్కాడు. ఆసుపత్రిలో డాక్టరు, "ఏం తాగించావు పెద్దాయనా? దాచకు" అన్నాడు. నానమ్మ తాతయ్య చెయ్యి పట్టుకుంది.

"చెప్పమాకయ్యా, గుణం పోద్ది!"

"పోతే పోనియ్యవే. పిల్లకన్నా ఎక్కువా?"

అందరి ముందూ ఆయన "నేలఉసిరి" అనేశాడు. ఎంత పోసిందీ ఎలా పోసిందీ చెప్పి, "నా మందే ఇట్టా చేసిందేమో చూడండయ్యా" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డాక్టరు, "ఆకులూ అలములూ పోసి చివర్లో మా దగ్గరికి తెస్తారు" అని విసుక్కుంటూనే సూదిమందు వేయించాడు. మర్నాడు అక్క పోయింది. తాతయ్య మళ్లీ అదే అడిగాడు. డాక్టరు మొహం తిప్పుకుని పక్క మంచం వైపు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత తాతయ్య ఎవరికీ పసరు పోయలేదు. వచ్చినవాళ్లకు ఆకు పేరు చెప్పి, ముందు ఆసుపత్రిలో చూపించుకోమనేవాడు. పేరు బయటపడ్డ మందు మాకెందుకని వాళ్లు గరికపాడులో నోరు విప్పని ఇంకొకాయన దగ్గరికి పోయేవాళ్లు.

ఇప్పటికీ పొద్దున్నే ఎవరైనా ఏదైనా నూరుతుంటే నా నోరు చేదవుతుంది. "ముక్కు మూసుకుని తాగరా" అని అక్క గొంతు పక్కనే వినిపిస్తుంది. తాతయ్య అడిగిన ప్రశ్న నాకు మిగిలింది.

అయ్యా, పసరు పోసేవాళ్లూ, మీ ఆకు పేరు చెప్పండి. డాక్టర్లూ, చెప్పినవాణ్ణి తిట్టకుండా ఆ ఆకును పరీక్షించండి. నన్ను బతికించింది ఆ ఆకేనా? అక్కను తీసుకుపోయిందీ అదేనా? తెలియకపోతే తెలియదనే చెప్పండి. కానీ ఈసారి నా మొహం చూసి చెప్పండి.