గోడ అవతలి మల్లయ్య

మంగళవారం పొద్దున ఫోన్ మోగింది. "మా తాత మల్లయ్య పోయినాడు సామీ" అంది అవతలినుంచి మనుమరాలు. "ఏ మల్లయ్య?" అని అడిగాను. ప్రొద్దుటూరులో నాకున్న మల్లయ్య ఒక్కడే. చెవి విన్నదాన్ని మనసు అంగీకరించక అడిగిన వెర్రి ప్రశ్న అది.

గొర్రెలు మేపి, సంతలో అమ్మి బతికిన మనిషి. ఫుట్‌బాల్ క్రీడకు అంతటి అనన్యభక్తుడు ఈ గడ్డ మీద పుట్టలేదు, పుట్టబోడు. మా ఊరి జట్టు కోసం అతడు చేసే సింహనాదానికి రాయలసీమ యావత్తూ పులకించేది. ఇది కొంచెం ఎక్కువైంది. అతని కేక గేటు దగ్గర బొరుగులమ్మే ఆమెదాకా వినబడేది. ఆమె విసుక్కునేది.

లీగు మొదలయ్యే ముందు మా జట్టు జమ్మలమడుగుతోనూ పులివెందులతోనూ స్నేహపు పోటీలు ఆడేది. గెలిస్తే కప్పు లేదు, ఓడితే పోయేదీ లేదు. ఆటగాళ్లు ఒళ్లు దాచుకొని పరిగెత్తేవారు. సగం ఆటకే సగం మంది మారిపోయేవారు. అలాంటి ఆటకు మల్లయ్య గొర్రెలను తమ్మునికి అప్పజెప్పి మొదటి బస్సుకే బయలుదేరేవాడు. బడిలో నా గుమాస్తా పనికి సెలవు పెట్టించి నన్నూ లాక్కుపోయేవాడు.

"కప్పు ఉండే ఆటకు కప్పు కోసరం వస్తారు సామీ. ఏమీ లేని ఆటకు వచ్చినోడే జట్టు కోసరం వచ్చినట్ల" అనేవాడు.

పోనీ, సంతోషంగా చూసేవాడా? అదీ లేదు. ఓడితే ఈ యేడు మునిగినామని దిగులు. గెలిస్తే అదృష్టమంతా ముందే ఖర్చయిపోయిందని అంతకన్నా దిగులు.

అవి మనిషిని పేరు అడగక ముందే ఎవరి మనిషివని అడిగే రోజులు. మా జట్టుకు చొక్కాలు కుట్టించేది ఒక నాయకుడు, జమ్మలమడుగు జట్టుకు అతని విరోధి. ఒక యేడు ఊళ్లలో గొడవలు ముదిరి, మా ఆటగాళ్లు కొందరిని ఇంట్లోవాళ్లు జమ్మలమడుగు బస్సు ఎక్కనివ్వలేదు. స్నేహపు పోటీలకు ఒక ఆచారముంది. వచ్చిన జట్టుకు మనుషులు తక్కువైతే పిలిచిన జట్టే తన వాళ్లను ఇవ్వాలి. ఆ పూటకు వాళ్లు మన చొక్కా తొడుక్కొని మన తరఫున ఆడతారు. అట్లా మాకు వచ్చినవాడు నాగశేషు, విరోధి పక్షపు పల్లె కుర్రవాడు.

గండి ఆంజనేయస్వామే దిగివచ్చినట్టు అతడు అందరినీ దాటుకుంటూ పోయి, సొంత జట్టు మీదే మాకు గోలు కొట్టాడు. ఇన్నేళ్లుగా నేను అలాగే చెబుతున్నాను. నిజానికి బంతి ఎవరి మోకాలికో తగిలి లోపలికి పోయింది. మల్లయ్యకు ఆ తేడా లేదు. లేచి నిలబడి, నాగశేషు పేరెత్తి జేజేలు కొట్టాడు. మా ఊరివాళ్లంతా నోళ్లు మూసుకొని కూర్చున్నారు. విరోధి మనిషికి జై కొట్టడమంటే పక్షం మారినట్టే. అది మల్లయ్యకు తెలియక కాదు, ఆ క్షణాన తోచలేదు.

మరునాడే జట్టు పెద్ద పిలిపించాడు. నేనూ వెంట వెళ్లాను.

"నాగశేషు ఎవురి మనిషో తెలీదా మల్లయ్యా నీకు?"

"తెలుసప్పా. ఆ పొద్దు మన చొక్కా ఏసుకున్న్యాడు."

"చొక్కా ఇడిసినాక?"

"ఇడిసినాక నేను అరసలేదు కదప్పా."

పక్కనున్నవాడెవడో నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. "ఇంగ నువ్వు గ్రౌండు తట్టు రావద్దు" అన్నాడు పెద్ద.

అటు జమ్మలమడుగులో నాగశేషునూ నిలదీశారట, ప్రొద్దుటూరు వాడు నీ పేరెందుకు అరిచాడని. ఆ కుర్రవాడు మళ్లీ బంతి ముట్టలేదు. "నా నోరే వాని కాలు ఇరగ్గొట్టింది సామీ" అని మల్లయ్య నా దగ్గర చాలాసార్లు కుమిలిపోయాడు.

అప్పటినుంచి మల్లయ్య మైదానం గోడ అవతల రాళ్లు పేర్చుకొని, వాటి మీద నిలబడి ఆట చూశాడు. కేక మాత్రం వేయలేదు. గోలు పడితే గోడను అరచేత్తో తట్టేవాడు, అంతే. కాలం మారింది. నాయకులిద్దరూ ఒకే పార్టీలో చేరి ఒకే వేదిక మీద దండలు మార్చుకున్నారు. ఇంకెవరికి గుర్తుంది, లోపలికి రమ్మని నేను బతిమాలాను.

"పొమ్మన్నోళ్లు రమ్మనాల సామీ. నాయంతట నేనొస్తే తప్పు చేసినానని ఒప్పుకున్నట్ల."

ఎవరూ రమ్మనలేదు.

బుధవారం పాడె ఆ మైదానం పక్కగానే వెళ్లింది. లోపల కుర్రవాళ్లు స్నేహపు పోటీ ఆడుతున్నారు. మమ్మల్ని చూసి ఆట ఆపారు. కెప్టెన్ గేటు తీయించి, "లోపలికి తీసుకరాండి, మా మనిషే" అన్నాడు. మల్లయ్యను మైదానం నడిమధ్యన కాసేపు దించాము.

అట్లా జరిగిందని మొన్న ఇద్దరు ముగ్గురికి చెప్పాను, వాళ్లు కళ్లు తుడుచుకున్నారు కూడా. జరగలేదు. గేటు మూసే ఉంది. ఆట ఆగలేదు. గోడ దగ్గర ఒక్క నిమిషం ఆపమని అడగబోయి, ఎండలో మోస్తున్నవాళ్ల భుజాలు చూసి ఊరుకున్నాను.

అవతలివాడైనా మన చొక్కా తొడుక్కుంటే మనవాడే అని నమ్మిన విశాలహృదయుడు, తనవాళ్ల చేతనే అవతలివాడైపోయాడు. ఆ లోటు పూడ్చగలవాడు ఈ ఊళ్లో లేడు. ఆ పుణ్యమూర్తికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వచ్చే వారం పులివెందుల జట్టు వస్తోందట. నేను పోతాను. లోపల కూర్చోవాలో, గోడ అవతల నిలబడాలో తెలియడం లేదు.