అందరూ తిన్నాక తినే మనిషి

మా అక్క పోయిందన్న కబురు అందేటప్పటికి నేను కోదాడలో మా తమ్ముడి ఇంట్లో దోసకాయలు తరుగుతున్నాను. ఫోనులో ఆమె పెద్దకొడుకు, "చిన్నమ్మా, అమ్మ లేస్తలేదు. డాక్టర్ వచ్చి సూసిండు. ఇగ లేవదంట" అన్నాడు. సరే, వస్తున్నా అన్నాను. ఫోను పెట్టేసి మిగిలిన కాయ కూడా తరిగాను. చేదుందేమోనని ప్రతి కాయా కొన కోసి నాలుక మీద పెట్టుకోవడం నా అలవాటు. ఆ కాయ చేదో కాదో ఇప్పటికీ చెప్పలేను.

సూర్యాపేట బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సంతోషించాను. అంత పని జరిగితే సీటుకు సంతోషించడమేమిటని తర్వాత అనుకున్నాను. మనసు పని మానేసినా నడుము తన సంగతి తాను చూసుకుంటుందేమో.

అక్క అంటే తోబుట్టువు కాదు, తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. ఒక ఇంట్లో ఉన్నన్నాళ్లు బాగానే పోట్లాడుకున్నాం. పొలాలు పంచుకుని పొయ్యిలు వేరయ్యాక స్నేహితులమయ్యాం. ఒకే వీధిలో ఎదురుబొదురు ఇళ్లు. నేను బడిలో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. ఆమె నిడమనూరు నుంచి కోడలిగా వచ్చి, ఆ ఇంటి వంటగదిలోంచి రిటైర్ కాకుండానే వెళ్లిపోయింది.

ఆ ఇంట్లో ఆమె అందరితో కూర్చుని తినగా నేను చూడలేదు. ఇంటికి వచ్చినవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, మేం, పనికొచ్చినవాళ్లు, అందరూ లేచాక ఆమె కంచం కడుక్కునేది. అందులో పడేది అడుగంటిన కూర, తునిగిపోయిన రొట్టె, ఎవరూ ఎంచుకోని ముక్క. "నువ్వూ కూర్చో అక్కా" అంటే, "మీరు తినుండ్రి, నాకు ఆకలైతలేదు" అనేది. ఆకలి లేని మనిషి అన్నేళ్లు ఎలా బతికిందో, సైన్సు చదివిన నాకే అంతు చిక్కలేదు.

హైవే దిగి ఊళ్లోకి వచ్చే దారిలో ఒక లెబనీస్ హోటల్ ఉంది. గల్ఫ్‌లో లెబనాన్ వాళ్ల దగ్గర వంట చేసి తిరిగొచ్చిన మనవాడే పెట్టాడు. లోపల అతను, కౌంటర్లో భార్య. ఆదివారం సాయంత్రం అక్కడ కుర్చీ దొరకడం కంటే సర్కారు దవాఖానలో మంచం దొరకడం సులువు. అక్క మనుమడి పుట్టినరోజని ఒకసారి మమ్మల్నందరినీ తీసుకెళ్లారు. బల్ల నడుమ గిన్నెలు పెట్టారు. నూరిన శనగల ముద్ద మీద నూనె, కాల్చి నలిపిన వంకాయ, సన్నగా తరిగిన ఆకుకూర, నిప్పుల మీద కాల్చిన కోడి, ఉబ్బిన రొట్టెలు. వంకాయ కాల్చడానికి లెబనాన్ దాకా పోవాలా అన్నాను. ఎవరూ నవ్వలేదు. మా ఇంట్లో నా మాటలకు అలవాటుపడి చాలా కాలమైంది.

అక్క అలవాటుగా లేచి, గరిటె పట్టుకుని, బల్ల చుట్టూ తిరగబోయింది. హోటలాయన చూసి పరుగున వచ్చాడు.

"పెద్దమ్మా, కూసోండ్రి. ఈడ ఎవలకు ఎవలు వడ్డించరు. నడుమ పెడ్తం, అందరు ఒక్కసారే తినాలె."

ఆమె కూర్చుంది. పరీక్ష హాల్లో పెన్ను మరిచిపోయిన పిల్లలా చేతులు ఒళ్లో పెట్టుకుని అందరివైపూ చూసింది. తర్వాత చిన్న రొట్టెముక్క తుంచి శనగముద్దలో ముంచి నోట్లో పెట్టుకుంది. ఇంకో ముక్క తుంచింది.

వారం తిరక్కముందే మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడింది.

"చెల్లె, బీపీ సూపించుకొనొద్దామా?"

"నీకు బీపీ లేదుగా అక్కా."

"లేకుంటే సూపించుకోవద్దా? గా హోటల్ దవాఖాన దిక్కే గదా ఉన్నది."

అలా మొదలైంది. ఎప్పుడు కుదిరితే అప్పుడు, మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఇద్దరం వెళ్లేవాళ్లం. అంత తరచు దవాఖానకు పోతోందేమిటని ఆమె కోడళ్లు పరేషాన్ అయ్యి కూరల్లో ఉప్పు తగ్గించారు. ఇంట్లో చెబుదామంటే ఒప్పుకోలేదు. "చెప్తే అందరొస్తరు. అందరొస్తే మల్ల నాకు గరిటె గుర్తొస్తది" అంది.

ఒకే గిన్నెలో ఇద్దరు చేతులు పెట్టడం నాకు సుతరామూ పడదు. ఎంగిలి. ఆ మాటే అంటే, ఆమె రొట్టె అంచుతో శనగముద్ద మధ్యన ఒక గీత గీసింది.

"ఇగో, గట్టేసిన. గది నీ మడి, ఇది నా మడి. ఇగ తిను, సైన్సు టీచరమ్మా."

"నూనంతా నీ మడిలోకే పోయిందిగా!"

"మరి? కాలువ నీళ్లు ముందుగాల మా నిడమనూరుకొస్తయ్. మీ కోదాడ ఆఖరుకున్నది. మాకు పారినంకనే మీకు."

నేను మూతి ముడిస్తే, వేలికొసతో గట్టుకు గండి కొట్టి కాస్త నూనె నా వైపు వదిలేది. "తీస్కో. ఏడ్వకు." ప్రతిసారీ ఇదే. ఆమె ఏదైనా తనకు ముందు కావాలని అడగ్గా నేను విన్నది ఆ గిన్నె దగ్గరే.

హోటలాయన భార్యకు ఆమె అంటే ఇష్టం. ఒకరోజు, "ఇది ఎట్ల చేస్తరో చెప్పాల్నా పెద్దమ్మా? శానా అల్క, పెద్ద పనేం గాదు. శనగలు నానబోసి..." అంటూ మొదలుపెట్టింది. అక్క రెండు చేతులూ అడ్డంగా ఊపింది.

"వద్దు బిడ్డా, సెప్పకు. ఎరుకైతే రేపటి సంది ఇంట్ల నేనే సెయ్యాలె. ఇది నేను వండలే, గందుకే మంచిగున్నది."

అక్క పోయిన రెండో రోజు మధ్యాహ్నం ఆమె ఇంట్లో అందరం కూర్చున్నాం. మర్నాడు పిట్టకు పెట్టాలి. పోయిన మనిషికి ఇష్టమైనవి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే కోరిక మిగిలిందని నలుగురూ అంటారు. ఏమేం వండాలన్నది ప్రశ్న. పెద్దకొడుకు నాటుకోడి అన్నాడు. చిన్నవాడు గారెలన్నాడు. మిర్యాలగూడ నుంచి వచ్చిన కూతురు సకినాలంది. నేను గోడకానుకుని వింటున్నాను. ఎవరికేది ఇష్టమో వాళ్లు అది చెబుతున్నారు. ఆమె వండి పెట్టినవే అన్నీ.

"అవి మీకిష్టమైనవి. అమ్మకేది ఇష్టం?" అన్నాను.

కూతురు చీర కొంగు నలుపుతూ, "నాకు తెల్వది చిన్నమ్మా. ఆమె తింటుంటె నేను ఎన్నడన్న సూస్తే గద" అంది.

ఇంట్లో చెప్పొద్దన్న మనిషి ఇప్పుడు లేదు. చెప్పకపోతే, చివరి విస్తట్లో కూడా ఆమెకు మిగిలేది అందరికీ ఇష్టమైనదే. చెప్పేశాను. బీపీ సంగతితో సహా.

పెద్దకోడలి ముఖం ముడుచుకుంది. "హోటల్ కూడు ఆకుల పెడ్తరా చిన్నత్తా? ఇద్దరు కోడండ్లుండి అత్తకు వండలేదని నలుగురనరా?"

"అంటారు. ఆ నలుగురూ రేపు నాటుకోడి తిని ఊరుకుంటారు. మీరు వండేవి మీరు వండండి. ఇదొక్కటి బయటినుంచే రావాలి."

"పోనీ, యూట్యూబ్ల సూసి నేనే చేస్త."

"చేస్తే నీకు చేతనవుతుంది. చేతనైతే జన్మంతా నువ్వే చేయాలి. మీ అత్త దానికే భయపడింది."

కోడలు నావైపు చూసింది. గారెలకు పప్పు నానబోయడానికి లేచింది.

పొద్దున్నే కూతురూ నేనూ హోటల్‌కు వెళ్లాం. ఇంకా షట్టరు సగమే ఎత్తి ఉంది. హోటలాయన భార్య నా వెనక చూస్తూ, "పెద్దమ్మ రాలేదా?" అంది. కూతురు చెప్పింది. ఆ మనిషి కౌంటర్ పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత లోపలికి వెళ్లి, స్టీలు గిన్నెలో ముద్ద సర్ది, నడుమ గుంట చేసి నూనె పోసింది. గిన్నె అంచు దాటి కొంచెం ఒలికింది.

"అమ్మ గీడ ఏ కుర్చీల కూసునేది?" అని కూతురు అడిగింది. ఆమె గోడపక్క కుర్చీ చూపించింది. కూతురు అందులో కూర్చుని బల్ల మీద చేయి ఆనించి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. బల్ల అంచున ఎండిన చట్నీ మరక ఉంటే గోటితో గీకుతూ నిలబడ్డాను.

ఆమెను కాల్చింది మా పొలంలోనే, వాళ్ల వాటాకూ మా వాటాకూ మధ్య గట్టు పక్కన. విస్తరి అక్కడే పరిచారు. నాటుకోడి, గారెలు, సకినాలు, అన్నం, చివరన ఈ గిన్నె. అందరం దూరం జరిగాం. ఒక కాకి దిగింది. అటూ ఇటూ చూసి కోడిముక్క ఎత్తుకుపోయింది. దాని వెనకే ఇంకొకటి గారె. తర్వాత గుంపు దిగింది.

"ముట్టింది, ముట్టింది. ఇగ పాండ్రి, తానాలు చెయ్యాలె" అన్నారు పెద్దలు. చెప్పులు వెతుక్కున్నారు. పెద్దకొడుకు నా దగ్గరకు వచ్చి మెల్లగా అన్నాడు:

"చిన్నమ్మా, నువ్వు సెప్పింది మాత్రం ముట్టలే."

"మీ అమ్మ ఎప్పుడైనా ముందు తిన్నదారా? మీరు పొండి. ఆమె తినేదాకా నేనుంటా."

వాడు తల వంచుకుని వెళ్లాడు. నేను గట్టు మీద కూర్చున్నాను. కాసేపటికి కూతురు వెనక్కి వచ్చి, చెప్పులు విడిచి నా పక్కన కూర్చుంది. గుంపు తినగలిగింది తిని లేచిపోయింది. విస్తట్లో మెతుకులు, ఎముకలు, గిన్నె. ఈసారి గిన్నెలో గీత లేదు. నూనె నడిమి గుంటలో కదలకుండా ఉంది.

తుమ్మచెట్టు కొమ్మ మీద ఒక కాకి మిగిలింది. దిగడం లేదు, ఎగరడమూ లేదు. తల పక్కకు వంచి మా ఇద్దరివైపూ మార్చి మార్చి చూస్తోంది, మేం తిన్నామో లేదో అన్నట్టు.