అంగడికి చాట్ పెట్టుకున్న సంగతి

నగరిలో మా నాయన పెట్టిన బట్టల అంగడిని ఇప్పుడు అన్న, నేను కలిసి చూసుకుంటున్నాం. ముందు గదిలో అంగడి, వెనక షెడ్డులో మరమగ్గాలు. నేను పెరిగింది ఆ షెడ్డు పక్కనే. పెళ్ళయ్యాక కూడా ఊరు దాటలేదు. మా ఆయన ఇక్కడి బడిలోనే గుమాస్తా, కాబట్టి పొద్దున వంట అయిందంటే నేను అంగట్లో ఉంటాను.

మగ్గాలు ఆడుతున్నప్పుడు షెడ్డులో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. పెదాలు కదిలించి, చేయి ఊపి మాట్లాడుకోవడం మాకు చిన్నప్పుడే వచ్చేసింది. దారం తెగిందని చెప్పడానికి ఒక సైగ, అన్నానికి రమ్మనడానికి ఇంకొకటి. అదేదో గొప్ప విద్య అనుకోలేదు. షెడ్డులో పనిచేసే వాళ్ళందరూ అంతే.

నలభై దాటాక నాకు షెడ్డు బయట కూడా మాటలు సరిగా వినబడడం మానేశాయి. చప్పుడు తెలుస్తుంది, మాట మాత్రం విడిగా అర్థం కాదు. తిరుపతిలో చెవి డాక్టరు పరీక్ష చేసి, ఏళ్ళ తరబడి మగ్గాల హోరులో ఉండడం వల్ల కావచ్చన్నారు. చెవికి మిషన్ ఇచ్చారు. ఎదురుగా కూర్చున్న మనిషితో పరవాలేదు. ఫోను దగ్గర పెడితే మాత్రం అది కీచుమంటుంది, మిషన్ తీస్తే ఏమీ తెలియదు.

అంగడికి వచ్చే ఫోన్లు అప్పటిదాకా నేనే చూసేదాన్ని. ఒకసారి కార్వేటినగరం నుంచి ఒక టీచరమ్మ ఫోను చేసి పచ్చంచు చీరలు కావాలన్నారు. నాకు పట్టంచు అని వినబడింది. అవే పంపించాం. ఆమె కోప్పడలేదు, వెనక్కి పంపి మళ్ళీ ఫోను చేశారు. ఆ ఫోను అన్న తీశాడు. ఆ తర్వాత నన్ను ఒక్క మాటా అనలేదు గానీ, ఫోను అప్పటి నుంచి అన్న జేబులోనే ఉండిపోయింది. నేను చీరలు మడతలు పెట్టడం, అంగడికి వచ్చిన వాళ్ళకు చూపించడం చేస్తూ వచ్చాను. నాకు ఉక్రోషంగానే ఉండేది. ఎవరి మీద అంటే చెప్పలేను.

మా సరుకుకు ఒక వెబ్‌సైటు చేయించాలని అన్నకు చాలా రోజులుగా ఉంది. తిరుపతిలో తిరుచానూరు రోడ్డులో ఇంటి మేడ మీద ఆఫీసు పెట్టుకున్న ఒక అమ్మాయి చేసిపెట్టింది. అంతా అయ్యాక, కొనేవాళ్ళు అడగాలనుకున్నది అక్కడికక్కడే రాసి అడిగేటట్టు చాట్ కూడా పెట్టుకోండి, రకరకాలున్నాయి, వచ్చి చూసి ఒకటి ఎంచుకోండి అని కబురు చేసింది.

"నువ్వే పొయ్యి సూసి రా మే," అన్నాడు అన్న. "తనంతట తానే బదులు చెప్పేది ఉండాదంట. అట్లాటిది సూడు. మనం అన్నం తింటా ఉన్నా అది పలకాల."

బస్సులో తిరుపతి వెళ్ళాను. ఆ అమ్మాయి కుర్చీ వేసి, కంప్యూటరు వైపు తిరిగి గబగబా చెప్పడం మొదలుపెట్టింది. నాకు ఆమె జడ కనబడుతోంది గానీ నోరు కనబడడం లేదు.

"నా తట్టు తిరిగి చెప్పు మా. నాకు సరిగా వినబడదు," అన్నాను.

ఆమె కంగారుపడి గట్టిగా మాట్లాడసాగింది. అరిస్తే మాట ఇంకా చెదిరిపోతుందని అందరికీ తెలియదు. నేను రెండు మూడుసార్లు "ఏమి?" అన్నాక ఆపేసింది. కాసేపు ఆలోచించి, పక్క గదిలోంచి ఇంకో ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. మా వెబ్‌సైటు తెరిచి, అడుగున మూలన ఉన్న గుండ్రటి గుర్తు నొక్కమంది. చిన్న పెట్టె తెరుచుకుంది. ఆమె బల్లకు అవతల కూర్చుని టైపు చేసింది. నా పెట్టెలో అక్షరాలు వచ్చాయి.

"అక్కా, ఇట్లయితే సరిపోతుందా?"

సరిపోతుందని రాశాను.

అలా ఎదురెదురుగా కూర్చుని, నోరు తెరవకుండా, మూడు రకాల చాట్లు చూశాం. మొదటిది చూడడానికి బాగుంది. నేను తెలుగులో రాసింది ఆమె వైపు చేరేసరికి ఒత్తులు విడిపోయి, అక్షరాల మధ్య డబ్బాలు పడ్డాయి. మా దగ్గర కొనేవాళ్ళలో సగం మంది అరవం వాళ్ళు. ఆ అక్షరాలు కూడా చూపించమన్నాను. అవీ డబ్బాలే. రెండోది అన్న చెప్పిన రకం, మనిషి అవసరం లేకుండా బదులిస్తుంది. మూడోది సాదాగా ఉంది. వాళ్ళు రాస్తారు, మనం రాస్తాం, ఫోటో పంపవచ్చు, మన సెల్లులోంచే చూసుకోవచ్చు. మనం లేకపోతే వాళ్ళు రాసింది అలాగే నిలిచి ఉంటుంది.

నేను అడుగుతూ పోయాను, ఆమె చెబుతూ పోయింది. నడుమ చీరల మాట వచ్చింది, వాళ్ళమ్మకు ఎలాంటివి నచ్చుతాయో రాసింది. తిరిగి బస్సెక్కాక తట్టింది, అంతసేపట్లో నేను ఒక్కసారి కూడా "ఏమి?" అనలేదని.

ఇంటికి వచ్చి మూడోది కావాలన్నాను. అన్న ఒప్పుకోలేదు.

"దానికి ఒక మనిషి కూర్చోవాల గదా?"

"నేను కూర్చుంటా."

"నీకెందుకు మే ఆ తలకాయ నొప్పి. రెండోదైతే దానంతట అదే చెప్పేస్తాది."

కొన్నాళ్ళు ఉచితంగా వాడి చూడవచ్చని ఆ అమ్మాయి చెప్పడంతో, అన్న మాటే నెగ్గింది. ఏ ప్రశ్నకు ఏమి చెప్పాలో తనే కూర్చుని రాయించాడు. నాకు కోపం వచ్చింది, కానీ కాదనలేదు. అది పనిచేస్తే అంగడికి మంచిదే కదా అనుకున్నాను.

దాంట్లో ఎవరేమి రాశారో, అది ఏమి చెప్పిందో నా సెల్లులో కనబడేది. ఒకామె, రంగు పోతుందా అని అడిగింది. "తప్పకుండా. ఎన్ని కావాలి?" అని అది బదులిచ్చింది. ఇంకొకాయన, ఇది చేమగ్గమా మరమగ్గమా అని అడిగితే, అంగడి తెరిచే వేళలు చెప్పింది. ఆయన మళ్ళీ అదే అడిగాడు. అది మళ్ళీ వేళలే చెప్పింది. ఆయన వెళ్ళిపోయాడు.

సెల్లు తీసుకుని షెడ్డులోకి వెళ్ళి అన్నకు చూపించాను. నమ్మకం కుదరలేదేమో, తన సెల్లు తీసి తానే అడిగాడు, చీర ఉతికితే కుంచించుకుపోతుందా అని. "తప్పకుండా. ఎన్ని కావాలి?" అని వచ్చింది. కాసేపు దాన్నే చూసి, భుజాలు కదిలేలా నవ్వాడు. మగ్గాలు ఆడుతున్నాయి. నా వైపు తిరిగి, పెదాలతోనే, "దీన్ని నమ్ముకుంటే అంగడి మూసుకోవాల్సిందే. నువ్వే సూసుకుంటావా?" అన్నాడు. నేను తల ఊపాను.

మూడోది పెట్టాక మొదట్లో ఎవరూ రాలేదు. సెల్లు పక్కన పెట్టుకుని మడతలు వేస్తూ కూర్చునేదాన్ని. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. కొందరు "హాయ్" అని రాసి మాయమైపోతారు. ఒకాయన తిరుత్తణికి బస్సులు ఎన్ని గంటలకని అడిగాడు, నాకు తెలిసినంత చెప్పాను. అరవం మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళకు నేనూ అలాగే రాస్తాను.

చిక్కంతా కాల్ చేయండి అనేవాళ్ళతో వచ్చింది. చిత్తూరు నుంచి ఒకామె, కూతురి నిశ్చితార్థానికి వచ్చేవాళ్ళకు పెట్టడానికి చీరలు కావాలి, రాయడం కష్టంగా ఉంది, ఫోనులో మాట్లాడదామంది. ఫోను పనిచేయడం లేదని రాశాను. మరుసటి రోజు మళ్ళీ అడిగింది, బాగయిందా అని. ఆ బేరం అన్నకు ఇచ్చేయవచ్చు. కానీ ఆమెకు కావలసినవి ఒక్కొక్కటే ఏరింది నేను. చివరకు, "నాకు ఫోనులో మాటలు వినబడవమ్మా. ఇక్కడే రాయండి, ఎంతసేపైనా చెబుతాను," అని రాశాను.

 తర్వాత, "సరే అక్కా. మెల్లగా రాస్తాను, తప్పులుంటే పట్టించుకోకండి," అని వచ్చింది. చీరలన్నీ తీసుకుంది.

నాకు ఫోనులో వినబడదన్న మాటను అందరికీ ముందే కనబడేటట్టు చాట్‌లో పెట్టించమన్నాను. "ఊరందరికీ చెప్పుకోవాల్నా మే?" అన్నాడు అన్న. రోజూ కొత్తగా చెప్పడం కంటే అదే నయమన్నాను. పెట్టించాడు. ఇప్పుడు పెట్టె తెరవగానే అదే కనబడుతుంది. అది చూసి వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారేమో, నాకు తెలియదు.

ఫోన్లు ఇప్పటికీ అన్నవే. చాట్ నాది. అప్పుడప్పుడు అది మొరాయిస్తుంది. తిరుపతి అమ్మాయికి రాస్తే సరిచేస్తుంది, ఊరికే కూడా రాస్తూ ఉంటుంది. నిన్న శ్రీకాళహస్తి నుంచి ఒకామె నీలం చీర ఫోటో అడిగింది. అంగట్లో ట్యూబులైటు కింద నీలం నల్లగా పడుతుంది. చీర తీసుకుని వాకిట్లోకి వెళ్ళి, మెట్ల మీద ఎండలో పరిచి ఫోటో తీసి పంపాను. అంచు ఇంకొంచెం దగ్గరగా చూపించమంది. ఇంకోసారి తీశాను.