గొడుగత్త చెప్పని జవాబు

ఆ రోజుల్లో ధైర్యం పుస్తకాల్లో మాత్రమే దొరుకుతుందనుకునేదాన్ని. డిగ్రీ రెండో ఏడు. నలుగురిలో నోరు పెగిలేది కాదు, డైరీలో మాత్రం పేజీలకు పేజీలు (అందులో నేను చాలా ధీరురాలిని). అలాంటి నన్ను పక్క క్వార్టర్ గొడుగత్త (ఎండైనా వానైనా చేతిలో గొడుగే) దుబాసీగా వెంటబెట్టుకుని సర్కారీ ఆఫీసుకు బయల్దేరింది. శ్రీకాకుళం నుంచి భిలాయి వచ్చి ముప్ఫయ్యేళ్లయినా ఆవిడ హిందీ కూరగాయల బజారు దాటలేదు. కొన్నాళ్లుగా ఆదివారాలు ఒకరింటి గదిలో జరిగే ప్రార్థనకు వెళుతోంది. ఆశ చూపి మతం మారుస్తున్నారని ఎవరో ఫిర్యాదు పెట్టారు. అది నిజమని తేలితే ఆ గదికి తాళం పడుతుంది.

ఆఫీసరు మర్యాదగానే అడిగాడు, వాళ్లు మీకేమైనా ఇచ్చారా అని. అత్తకు తెలుగులో చెప్పాను.

"ఇచ్చారు బాబూ. టీ ఇచ్చారు, రెండు బిస్కట్లు కూడాను."

టీ కూడా ఆశ చూపడం కిందికే వస్తుందేమో అనిపించింది. "కుఛ్ నహీ, సర్," అన్నాను, ఏమీ ఇవ్వలేదని. అత్త బజారు హిందీకి ఆ మాత్రం అందింది.

"ఏటే పిల్లా, టీ మింగీసినావు? ప్రార్థన సేసుకునే మనిషి సేత అబద్దం ఆడిస్తావా? సెప్పు."

చెప్పాను, బిస్కట్లతో సహా. ఆయన కలం ఆగింది. "అయితే టీ కోసం వెళ్తున్నారా?"

"టీ కోసమైతే మీ కాడికే వచ్చీదాన్ని. పొద్దున్నుంచి మీ కేంటీన్లో మూడు తాగినాను."

ఆయన నవ్వాపుకుని, "మరెందుకు?" అన్నాడు.

"అది సెప్పను బాబూ. ఎవులూ బలవంతం సెయ్యనేదు, రాసుకో. ఎందుకో మాత్రం మా ఇంటాయనకే సెప్పనేదు."

ప్రభుత్వం బల్లకు అటు కూర్చుని అడుగుతుంటే చెప్పనని అనొచ్చా? కోపం లేదు, భయం లేదు, ఇంటి తలుపు దగ్గరకేసుకున్నంత మామూలుగా అనేసింది. ఆ మాట హిందీలో నా నోట వెళ్తుంటే, నాది కాని ధైర్యం కాసేపు నా నాలుక మీద కూర్చుంది. ఆయన "అప్నీ మర్జీ సే", తన ఇష్టంతోనే, అని రాసి, సాక్షి సంతకానికి కాగితం నా వైపు తిప్పి పేరడిగాడు.

పేరుతో ఆగొచ్చుగా. నాన్న పేరు, సెక్టార్, క్వార్టర్ నంబరు, శనివారం ఉపవాసం అమ్మ కోసమే ఉంటాననీ, పరీక్షలప్పుడు తప్ప దేవుడు పెద్దగా గుర్తురాడనీ గడగడా చెప్పేశాను. "బేటీ, నేను పేరే అడిగాను," అన్నాడాయన.

బయటికొచ్చాక అత్త నన్ను ఎగాదిగా చూసింది. "అడక్కండానే అన్నీ అప్పజెప్పీసినావేటే."

నేను అమ్మకు ఇప్పటికీ చెప్పలేని మాటను అప్పటి నాలోని ఆ పిల్ల ప్రభుత్వానికి అడక్కుండానే ఇచ్చేసి వచ్చింది. తలుచుకుంటే నవ్వొస్తుంది. ఈ శనివారం కూడా ఉపవాసమే.