మెట్ల బొమ్మ వీడియో

బోర్డుల పెయింటరు పోయి రెండు నెలలైంది. ఆయన బొమ్మలు వేసిన ట్యాబ్ మాత్రం ఇంకా ఇంట్లోనే ఉంది. అది ఆయన సొంతం కాదు, పనిచేసిన షాపుది. "కొత్త పెయింటరు చేరాడమ్మా. సాయంత్రం నాలుగింటికి మనిషిని పంపిస్తాను. అందులోవన్నీ తుడిచేసి అతనికివ్వాలి" అని యజమాని పొద్దున్నే ఫోన్ చేసి మర్యాదగానే చెప్పాడు. అప్పటినుంచి పెయింటరు భార్యకు కాలు నిలవడం లేదు.

ముప్పై ఏళ్లు నిచ్చెనెక్కి గోడల మీద అక్షరాలు రాసిన మనిషి, కుంచెకు గిరాకీ పోయాక, యాభై దాటిన వయసులో గాజు పలక మీద పెన్నుతో గీయడం నేర్చుకున్నాడు. తనకోసమని ఒకే ఒక్క బొమ్మ వేసుకున్నాడు. తాముండే మేడమెట్లు, ఇనప కమ్మీలు, మలుపు దగ్గర విప్పిన చెప్పులు. ఆ బొమ్మ అచ్చయి గోడకు వేలాడుతోంది. అయితే ఏ గీత తర్వాత ఏ గీత పడిందో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు తనంతట తనే దాచిపెడుతుందట, అడిగితే వీడియో చేసి ఇస్తుందట. ఆ సంగతి ఆయనే ఒకసారి చెప్పాడు. అప్పుడామె బట్టలు మడతపెడుతూ ఊఁ కొట్టింది.

ఇప్పుడు ఆ వీడియో కావాలి. గోడమీది బొమ్మను ఎంతసేపు చూసినా కదలదు.

పొద్దుట్నుంచి మూడుసార్లు ప్రయత్నించింది. పని ఎంతవరకు వచ్చిందో చూపే నీలం గీత పాకడం మొదలుపెట్టేది, తర్వాత వచ్చి చూస్తే 'పూర్తి కాలేదు' అని ఉండేది. చోటు చాలలేదేమోనని ఆయన చూసేసిన సినిమాలన్నీ తీసేసింది. మళ్లీ అదే మాట. వీడియో సైజు తగ్గించింది. అదే మాట. మధ్యమధ్యలో ఊడ్చిన గదే ఊడ్చింది, తోమిన గిన్నే తోమింది. ఇక లాభం లేదని వదినకు ఫోన్ చేసింది.

వదిన పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేస్తుంది. భోజనాల వేళకు, కళ్లజోడు నెత్తిమీదే పెట్టుకుని వచ్చింది.

"ఏమే, తిన్నావా?"

"ముందిది చూడు వదినా. తిండి ఎక్కడికీ పోదు."

"అచ్చం మా తమ్ముడిలా మాట్లాడుతున్నావ్." వదిన కళ్లజోడు ముక్కుమీదికి దించి చోటు చూసింది, ఛార్జింగు చూసింది. "అన్నీ బాగానే ఉన్నాయే. ఇందాక నువ్వెలా చేశావో మళ్లీ అలాగే చెయ్యి, చూస్తా."

ఆమె నొక్కింది. నీలం గీత కదిలింది. వెంటనే ట్యాబ్‌కున్న అట్ట మూసి, పైన ఉతికిన తువ్వాలు కప్పి, వంటింట్లోకి నడిచింది.

"ఆగాగు. ఆ కప్పడం ఏంటి?"

"దుమ్ము పడకుండా. పని చేసుకుంటోంది కదా, దాన్ని కదపడం ఎందుకని."

వదిన నవ్వాపుకోలేక గోడకు చేరబడింది. "ఓ మహాతల్లీ, అదేమన్నా పొయ్యిమీద కూరా, మూతపెడితే తొందరగా ఉడకడానికి? అట్ట మూస్తే తెర ఆరిపోతుంది. తెర ఆరితే అది పని ఆపేసి పడుకుంటుంది."

ఆమెకు నవ్వు రాలేదు. ఇరవై ఆరేళ్ల కాపురంలో మూత పెట్టకుండా వదిలిన గిన్నె లేదు.

"అయితే పొద్దుట్నుంచి నేనే ఆపేస్తున్నానా?"

"నువ్వే. ఇంకెవర్ని తిడతాం." వదిన తెర ఆరకుండా మార్చబోయింది. షాపువాళ్లు ఆ సెట్టింగుకు తాళం వేసుకున్నారు. "నిమిషానికోసారి ఖాళీచోట వేలు పెట్టు. ఇంకేదీ ముట్టుకోకు. నలభై నిమిషాలు పడుతుంది. కూర్చోగలవా?"

"కూర్చుంటా."

"నువ్వా?" అని వదిన చెప్పులేసుకుని పనికి వెళ్లిపోయింది.

ఆమె కూర్చుంది. వేలు పెట్టింది, తీసింది. పదో నిమిషానికే మోకాళ్లు ఊగడం మొదలైంది. కిటికీ రెక్క కొట్టుకుంటోంది, లేచి గడియ పెట్టాలి. పెట్టలేదు. పక్కింటావిడ గుమ్మంలోంచి, "అక్కా, నీళ్లొస్తున్నాయి, పట్టుకోవా?" అంది. "నువ్వు పట్టుకోమ్మా" అంది తల తిప్పకుండా. పక్కింటావిడ వింతగా చూసి వెళ్లింది. మూడు కావస్తుండగా గీత చివరికంటా చేరింది. వీడియోను తన ఫోన్‌లోకి పంపుకుంది.

మొత్తం నాలుగు నిమిషాలు. చెయ్యి కనబడదు, గీతలే వాటంతటవి పుడుతున్నాయి. మెట్లు లేచాయి, చెరిగాయి, మళ్లీ లేచాయి. చెప్పులు పై మెట్టు మీదికెక్కి కిందికి దిగాయి. కమ్మీలు మొదలవగానే ఆమె ఫోన్‌ను కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. ఆ కమ్మీలు వేస్తున్నప్పుడే ఒక మధ్యాహ్నం భోజనానికి మూడుసార్లు పిలిచింది. రాలేదు. "ఆ కమ్మీలే కడుపు నింపుతాయిలే" అంది. ఆయన మాట్లాడకుండా లేచి వచ్చి, మాట్లాడకుండానే తినేసి వెళ్లాడు. ఆ లేచిన చోటు ఇందులో ఉండాలి. కానీ కమ్మీలు ఈ చివర నుంచి ఆ చివరికి ఆగకుండా సాగిపోయాయి. వెనక్కి జరిపి చూసింది. మళ్లీ జరిపింది.

వదినకు ఫోన్ చేసింది. "వదినా, మధ్యలో లేచి వెళ్లింది ఇందులో ఉండదా?"

"వచ్చిందా? హమ్మయ్య. లేదే, పెన్ను తగిలినప్పుడే అది రాసుకుంటుంది. ఆగిన టైమంతా వదిలేస్తుంది. ఎందుకలా అడిగావ్?"

"ఏం లేదు."

నాలుగింటికి మనిషి వచ్చి ట్యాబ్ తీసుకెళ్లాడు. ఆమె తలుపు వేసి, ఫోన్ పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగింది. కమ్మీలు మొత్తం పదహారు. లేచింది అక్కడేనేమో, తొమ్మిదోదాని నుంచి గీత కొంచెం లావెక్కినట్టుంది. ఎక్కకపోయి కూడా ఉండొచ్చు. కళ్లు చిట్లించి, మొదటి కమ్మీ దగ్గర నిలిపి, మళ్లీ లెక్క మొదలుపెట్టింది.