రాజమల్లు కాక గొంతు

2023 ఎండాకాలం. గోదావరిఖని పక్కన ఒక ఓపెన్‌కాస్ట్ గనిలో నేను సబ్‌స్టేషన్ ఆపరేటర్ని. క్వారీ అడుగున నీళ్లు తోడే పంపులకు కరెంటు నా దగ్గర నుంచే పోతుంది. లైన్ మీద పని ఉంటే ఎలక్ట్రీషియన్ వచ్చి ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. నేను కరెంటు ఆపుతాను. అతను స్విచ్ హ్యాండిల్‌కి తన తాళం వేసి, చెవి జేబులో పెట్టుకుని పోతాడు. పని అయ్యాక తీసుకున్న మనిషే ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి, ఇంకొకరిస్తే చెల్లదు. పోల్ మీద ఉండేది అతని ప్రాణం కదా!

ఆ ఏడు వాయిస్ వెరిఫికేషన్ అని ఒకటి ట్రయల్‌కి వచ్చింది. అంత దూరం నడిచి రానక్కర్లేదు, క్వారీ ఫోన్‌లో మాట్లాడితే మెషీన్ గొంతును పోల్చుకుని పచ్చలైటు వేస్తుంది. ట్రయల్ అయ్యేదాకా తాళాలు కూడా ఉంచమన్నారు. ఒక్క పనికి ఇన్ని తతంగాలేమిటని నేను అందరి ముందే విసుక్కున్నాను. నా నోరు ఊరుకోదు లెండి.

ఒకరోజు రాజమల్లు కాక ఎల్‌సీ తీసుకుని పోయాడు. యాభై దాటిన ఎలక్ట్రీషియన్, బొంగురు గొంతు, మాట చివర చిన్న దగ్గు. ఫస్ట్ షిఫ్టు దిగే వేళకు ఫోన్ మోగింది.

“బిడ్డా, నేను రాజమల్లును. ఎల్‌సీ రిటర్న్ ఇస్తున్న.”

చివర ఆ దగ్గు కూడా ఉంది. పచ్చలైటు వెలిగింది.

“అందరు దిగిండ్రా కాకా?”

“దిగినం. లైన్ ఇయ్యి.”

బయట స్విచ్ యార్డులోకి వెళ్లి హ్యాండిల్ పట్టుకున్నాను. తాళం అలాగే ఉంది. ఒళ్లు మండిపోయి క్వారీకి ఫోన్ చేశాను.

“తాళం చెవి ఎవలు తెస్తరు కాకా? పండ్లతోని కొరకాల్నా?”

“అగ్గో, మర్చిపోయిన. జల్ది పంపిస్త.” అదే గొంతు.

చెవి రాలేదు. కాసేపటికి ఫిట్టర్ ఓదెలన్న రొప్పుతూ వచ్చి గుమ్మంలో కూలబడ్డాడు. రాజమల్లు కాకకు జిగ్రీ దోస్తు. కాలనీలో ఎవరి రిటైర్మెంట్ ఫంక్షన్ జరిగినా అతని మిమిక్రీ ఉండాల్సిందే.

“చెల్లె, లైన్ ఇయ్యలేదు కదా? ఫోన్ల మాట్లాడింది నేను! వాని నీళ్ల క్యాను హాజరేసే మస్టర్ ఆఫీసు కాడ కనవడ్డది. డ్యూటీ దిగిపోయిండు, ఎల్‌సీ మర్చిండు, మెమో ఇస్తరు పాపం అనుకున్న. చెవి కోసం దేవులాడుకుంట పోతే వాడింకా పోల్ మీదనే ఉన్నడు!”

యార్డులోకి వెళ్లి, ఆ తాళాన్ని ఒకసారి ముట్టుకుని చూశాను.

మర్నాడు ఆఫీసర్లు కాకనూ ఓదెలన్ననూ నా గదిలో పక్కపక్కన కూర్చోబెట్టారు. మళ్లీ ఆ గొంతుతో ఫోన్‌లో మాట్లాడమంటే ఓదెలన్న ససేమిరా అన్నాడు.

“చెయ్యిరా, నేను గూడ ఇంట,” అన్నాడు కాక.

ఓదెలన్న ఫోన్ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కాక పెదవులు కదలలేదు, కాక గొంతు గదంతా వినబడింది. పచ్చలైటు వెలిగింది. నాకు కలిగింది భయమో, అబ్బురమో నాకే తెలియలేదు. ఒక మనిషిని ఎన్నేళ్లు, ఎంత ఇష్టంగా వింటే గొంతు అంతగా పట్టుబడుతుంది!

కాక తన గొంతు మీద చెయ్యి వేసుకున్నాడు.

“వారీ, నేను సచ్చినా మా ఇంటిది నిన్ను పిలిచి మాట్లాడిపిచ్చుకుంటదిరా,” అని నవ్వబోయాడు. ఓదెలన్న బావురుమన్నాడు.

మెషీన్ మీద నాకు కోపం లేదు. అది గొంతు ఎవరిలా ఉందో చెబుతుంది. మనిషి ఇంకా పైన ఉన్నాడా, కిందికి దిగాడా అన్నది దానికేం తెలుసు? ఆ తర్వాత ఎంత తెలిసిన గొంతైనా సరే, “ఇటొచ్చి కండ్లవడుండ్రి, అప్పుడే లైన్” అంటున్నాను.

రాజమల్లు కాక మిట్టమధ్యాహ్నం సణుక్కుంటూ వస్తాడు.

“గింత ఎండల నడిపిస్తవా బిడ్డా! పాపం తగుల్తది నీకు!”

తగిలితే తగలనీ. ఆయన రెండు కాళ్లూ నేల మీద ఉన్నాయి.